పడవ వయా కూచిపూడి

నవంబరు 9, ఆదివారం

డబ్బా బిగించారు. ఇక నాకు నిద్ర పడుతుంది.

ఖాదర్ గారి అబ్బాయి ఫైసల్ నిన్న నాగాయలంక వెళ్ళి, పడవ కప్పు మీద తెల్లగా పుట్టగొడుగులా ఉండే జీపీఎస్ పక్కనే ఈ నెట్ డబ్బాని కూర్చోబెట్టి వచ్చాడు. పడవ ఎక్కడుందో పుట్టగొడుగు కనిపెడుతుందట. కనిపెట్టింది డబ్బా నెట్‌లో పంపుతుందట. పంపింది బందరులో నా ఫోనులో నీలం చుక్కగా కనబడుతుందట. ఉద్యోగమంతా పిల్లలకు తెలుగు చెప్పినదాన్ని, ఇందులో నాకు అర్థమైంది చుక్క ఒక్కటే. చాలు. ఆ చుక్క మా ఆయన.

మా ఆయన సాల్మన్ రాజు గారికి ఇది ఇష్టం లేదు. "గుడివాడ డిపోలో ఏ బస్సు ఎక్కడుందో నేను కనిపెట్టుకుని ఉండేవాణ్ణి. ఇప్పుడు నన్ను నువ్వు కనిపెట్టుకుని ఉంటావా?" అన్నారు. "రిటైరయ్యాక డ్యూటీలు మారతాయండీ" అన్నాను. నవ్వారు. ఆయన దగ్గరున్నది ఇప్పటికీ మీటల ఫోనే. నాకు చుక్కలు చూపించడానికి ఆయనకి ఫోను అక్కర్లేదు, పడవ చాలు.

ఆ పడవ ఈయనా, ఈయన స్నేహితుడు ఖాదర్ గారూ కలిసి కొన్నది. షాలోము అని పేరు పెడదామని ఈయన, సలాము అని ఆయన. రెంటికీ అర్థం శాంతేలెమ్మని పెయింటర్‌కి వదిలేస్తే అతను 'శలాము' అని రాసిపెట్టాడు. ఖాదర్ గారికి మోకాళ్ళ నొప్పులు వచ్చాక శలాము మీద ఈయనొక్కరే తిరుగుతున్నారు. అదే నా భయం.

నవంబరు 12, బుధవారం

చుక్క కదులుతోంది. పొద్దున్నే ఆయన బస్సెక్కిన దగ్గర్నుంచి ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాను గానీ ఏది ఏ గిన్నెలో వేస్తున్నానో తెలియడం లేదు. చుక్క ఏటి మొగ వైపు సాగింది, మడ అడవిలోకి తిరిగింది, ఒక పాయలో ఆగింది. ఆగిందంటే ఆయన మోటారు కట్టేసి, ఫ్లాస్కులో టీ పోసుకుని, ఏమీ చేయకుండా కూర్చున్నారన్నమాట. గాలం కూడా వేయరు. "చేపలు కావాలంటే గిలకలదిండి రేవుకి వెళ్తే సరిపోద్ది గదా. నేను నీళ్ళ మీద ఊరికే ఉండటానికి వెళ్తాను" అంటారు. బతుకంతా టైముకి బస్సులు పంపిన మనిషికి టైము లేని చోటు కావాలట.

చుక్కని చూస్తూ చూస్తూ కునుకు తీశాను. కలలో నేనూ ఎక్కడో తేలుతున్నాను, భయం లేకుండా. కింద నీళ్ళు ఆకుపచ్చగా ఉన్నాయి. లేచేసరికి కాయలూ ఈనెలూ కలిసిపోయాయి.

నవంబరు 19, బుధవారం

ఉప్పెన రోజు. నేను అడగకుండానే ఆయన పడవ తీయలేదు. ఆ నీళ్ళలో పోయిన మా అమ్మనీ, తమ్ముళ్ళనీ తలుచుకుని ప్రార్థన చేసుకున్నాం. ఇంకేమీ రాయను.

నవంబరు 26, బుధవారం

ఈ మధ్యాహ్నం చుక్క గట్టెక్కింది. కష్టం తీరడం కాదు, నిజంగానే గట్టెక్కి పొలాల్లో పడింది. వంపు లేకుండా, ఎవరినీ అడగకుండా, అవనిగడ్డ దాటింది, చల్లపల్లి దాటింది. చూపు తిప్పుకోలేకపోయాను. కూచిపూడి చేరాక ఫోను చేశాను.

"ఏవండీ, ఎక్కడున్నారు?"

"మడలో. ఏం?"

"మీరు కూచిపూడిలో ఉన్నారు."

తెర చూసుకున్నట్టున్నారు. తర్వాత, "వయా చల్లపల్లా, వయా మొవ్వా?" అన్నారు.

ఇద్దరం నవ్వాం. పడవలో ఆయన ముందున్న తెర మీద కూడా అలాగే ఉందట. "బాణం వరిచేలో నిలబడింది రత్నా. కోతల రోజులు గదా, కూలికెళ్ళిందేమో" అన్నారు. ఫోను పెట్టేశాక కూడా నాకు నవ్వు ఆగలేదు. కూచిపూడిలో ఏ పిల్లలో అరుగు మీద అడుగులు వేస్తుంటారు, వాళ్ళ మధ్యలోంచి పడవ వెళ్ళి ఉంటుంది, గురువు గారు తాళం ఆపకుండా కాస్త పక్కకి జరిగి దారి ఇచ్చి ఉంటారు.

నవంబరు 29, శనివారం

మళ్ళీ అంతే. ఈసారి గుడివాడ వైపు.

నెట్ సరిపోవడం లేదు, అంతే. నా ఫోనులోనూ నెట్ తగ్గితే దారి చూపించేది తిరుగుతూ కూర్చుంటుంది. ఖాదర్ గారు ఇదే అన్నారు, ఎదురింటి కృపమ్మ గారు ఇదే అన్నారు, కూరగాయల బండి అతను కూడా, "నెట్ లేంది జీపీఎస్ ఏం పనిచేసుద్దండీ?" అన్నాడు. ఊరంతా ఒక మాట మీద ఉండడం బందరులో ఇదే మొదటిసారి. ఫైసల్ ఏదో కెమెరాల పని మీద విజయవాడలో ఉన్నాడు, వచ్చే నెలగ్గానీ రాడు. నేనే పెద్ద ప్యాక్ వేయించాను. సిగ్నల్ ఎంత ఎక్కువైతే ఆయన అంత భద్రం.

డిసెంబరు 6, శనివారం

ఈ రోజు చుక్క మా వీధిలోకి వచ్చింది.

పన్నెండు దాటాక మడలోంచి బయల్దేరింది. పొలాలు, రొయ్యల చెరువులు, మళ్ళీ పొలాలు. కోనేరు సెంటరు దాటింది. మా సందు మొదట్లోకి రాగానే, ఎంత తెలివితక్కువ పని, లేచి వెళ్ళి తలుపు తీసి గుమ్మంలో నిలబడ్డాను. వీధిలో ఎండ ఉంది, ఒక మేక ఉంది, కృపమ్మ గారు ఆరేసిన దుప్పటి ఉంది. నాకు మాత్రం వీధి నిండా నీళ్ళు కనిపించాయి. ఉప్పెన నీళ్ళలా కావు. గిన్నెలో పోసినట్టు కదలకుండా ఉన్న నీళ్ళు. వాటి మీద శలాము మెల్లగా వస్తోంది, ఆయన నిలబడి నాకేసి చెయ్యి ఊపుతున్నారు. నీళ్ళ పేరు చెబితే వణికేదాన్ని, చీర కుచ్చిళ్ళు కొంచెం పైకి పట్టుకుని ఎక్కడానికి సిద్ధంగా ఉన్నాను. చుక్క మా ఇంటి ముందు ఆగలేదు. అలాగే సముద్రం వైపు వెళ్ళిపోయింది. నాకు ఏడుపొచ్చింది. ఎందుకో తెలియదు.

సాయంత్రం ఆయన మోకాళ్ళ దాకా బురదతో వచ్చారు. ఈసారి వయా ఏమిటని నేనే అడిగాను. నవ్వలేదు.

"ఎడం పాయలోకి తిరగాలి. మలుపు ఇంకా రాలేదంది తెర, సరేనని ముందుకెళ్ళాను. తీరా అది ఆ పాయ కాదు. వెనక్కొద్దామంటే ఏది వెనకో అర్థం కాలేదు. మనకి తెలిసిన నీళ్ళే రత్నా అవి."

"నెట్ ఎక్కువైనా కొత్తలో అంతేనండీ" అన్నాను, ఏదో ఒకటి అనాలి గనక.

"మా నాన్నకీ తెలిసిన ఊళ్ళే" అన్నారాయన.

మా మావగారు మోషే గారు చివరి రోజుల్లో గుడివాడ బస్టాండు నుంచి ఇంటికి రావడం మర్చిపోయారు. మూడో నాడు ముదినేపల్లి చెరువు గట్ల మీద దొరికారు. అప్పటికి కొడుకుని "మీరెవరండీ" అన్నారు. ఆ మాట ఈయన ఇన్నేళ్ళలో మళ్ళీ ఎత్తలేదు. ఈ రోజు ఎత్తారు.

డిసెంబరు 10, బుధవారం

ఇంకా పెద్ద డబ్బా పెట్టించాను, కుందేలు చెవుల్లాంటి యాంటెన్నాలది. నాగాయలంకలో మెకానిక్కే బిగించాడు. స్త్రీల సమాజంలో కృపమ్మ గారు మా సిగ్నల్ కోసం ప్రార్థన చేశారు. కళ్ళు మూసుకుని నవ్వు ఆపుకున్నాను. ఆ తర్వాత నేనూ నిజంగానే ప్రార్థించాను.

డిసెంబరు 13, శనివారం

వచ్చారు. దేవుడికి స్తోత్రం. వచ్చారు.

పొద్దున మంచు పట్టింది. తొమ్మిదైనా విడవలేదు. ఆయన మడలోకి వెళ్ళాక చుక్క ఉత్తరానికి తిరిగింది, ఇక ఆగలేదు. ఫోను చేస్తే ఒకసారి మోగింది, తర్వాత అదీ లేదు. చుక్క పామర్రు దాటింది, గుడివాడ పక్కనుంచి పోయింది. పోయి పోయి ముదినేపల్లి చెరువుల మధ్య నిలబడింది. నిలబడే ఉంది. ఆ నీలం చుక్కని వేలితో వెనక్కి లాగాలని చూశాను. కదిలింది పటమే, చుక్క కాదు.

మంచులో దారి తప్పి ఏదో పాయలోకి వెళ్ళారు. పాటు తీసి నీళ్ళు వెనక్కి పోయాయి, పడవ బురదలో కూర్చుంది. ఎండ్రకాయలు పట్టేవాళ్ళు చూసి, పోటు వచ్చాక తాడు కట్టి లాక్కొచ్చారట. సాయంత్రం ఇంటికి చేరారు. బురద కాళ్ళు నేనే కడిగాను.

"తెర మీద ముదినేపల్లి వచ్చింది" అన్నారు.

"చూశానండీ."

"తెర తప్పయితే తప్పనుకుందాం. ఆ పాయలు నాకెందుకు కొత్తగా ఉన్నాయి? నాకిది మొదలైంది రత్నా. నాన్నకి ఇలాగే మొదలైంది."

ఆయన తల మీద చెయ్యి వేసి అలా కూర్చున్నాను. చిన్నపిల్లాడిలా ఉన్నారు.

డిసెంబరు 18, గురువారం

ఫైసల్ వచ్చాడు. నిన్న పడవ దగ్గరికి వెళ్ళి చూశాడట. ఈయన బజారుకి వెళ్ళిన సమయంలో వచ్చి, కూర్చోకుండానే చెప్పాడు.

"అత్తయ్యా, తప్పు డబ్బాదే. జీపీఎస్‌కి నెట్‌తో పనే లేదు. అది పైనున్న శాటిలైట్ల మాట వినుద్ది. అంత దూరం నుంచొచ్చేసరికి ఆ మాట గుసగుసలాగుంటది. ఈ డబ్బా దాని చెవి పక్కనే కూర్చుని మైకులో అరుస్తంది. ముందు కొంచెం కొంచెంగా తప్పుద్ది. ఆ కొంచెంతోనే మావయ్య వేరే పాయలోకి తిరిగుంటారు. ఆ తర్వాత అసలేం వినపడక, ఇందాక ఎటు పోతన్నానో అటే పోతన్నానని పొలాల మీద పడి పోద్ది. మీరు పెద్ద డబ్బా పెట్టించారు గదా, అది ఇంకా గట్టిగా అరిచింది."

"పెద్దది పెట్టించింది ఆయన బాగుండాలనే నాయనా."

"అందరూ అంతే అత్తయ్యా. రెంటినీ సిగ్నలే అంటాం గదా. డబ్బా ఆపి చూశాను, బాణం పడవ మీదే నిలబడింది. పెట్టాను, పారిపోయింది. చాలాసార్లు చూశాను. మావయ్య బుర్రకేం కాలేదు. నేనే అక్కడ పెట్టకుండా ఉండాల్సింది. పడవ చిన్నది, ఎక్కడ పెట్టినా దగ్గరే అయిద్ది. ఇక తీసేద్దాం."

తీసేస్తే చుక్క ఉండదు. ఆయన మళ్ళీ బుధవారాలు, శనివారాలు వెళ్తారు, నాకు చుక్క కూడా ఉండదు.

"మావయ్యకి నేను చెప్తాను, నువ్వు చెప్పకు. మనసు బాగోలేదు ఆయనకి. డబ్బాకేం తొందర, పడవ తీయడం లేదుగా" అన్నాను. నా గొంతు ఎంత మామూలుగా ఉందో నాకే ఆశ్చర్యం వేసింది. ఫైసల్ తల ఊపి విజయవాడ బస్సుకి వెళ్ళిపోయాడు.

రాత్రి భోజనాల దగ్గర చెప్తాను.

డిసెంబరు 19, శుక్రవారం

చెప్పలేదు. ఆయనకి ఒళ్ళు వెచ్చగా ఉంది.

డిసెంబరు 20, శనివారం

శనివారం పూట ఆయన ఇంట్లో ఉన్నారు! క్రిస్మస్ స్టార్‌లో పోయిన బల్బు మార్చి, డాబా మీద కర్రకి కట్టారు. నేను కింద నిలబడి ఎడమకి, కుడికి అని అరిచాను. మధ్యాహ్నం ఇద్దరం మడత మంచాల మీద పడుకున్నాం. ఫ్యాను చప్పుడు, ఆయన గురక, బయట గాజుల సాయిబు కేక. ఇల్లు నిండుగా ఉంది. నేను చుక్కని చూడక్కర్లేదు, తల తిప్పితే మనిషే ఉన్నారు.

రేపు గుడి నుంచి వచ్చాక చెప్తాను.

డిసెంబరు 23, మంగళవారం

నేను అబద్ధమేమీ చెప్పలేదు. ఆయన అడిగితే చెప్తాను. ఆయన అడగలేదు.

డిసెంబరు 25, గురువారం

ఇంత మంచి క్రిస్మస్ మాకెప్పుడూ లేదు. ఖాదర్ గారింటికి కేకు పంపితే నాగూర్ బీ గారు బిర్యానీ పంపారు. ఫైసల్ రాలేదట. మంచిదే అయింది. కొత్త చీరలో నన్ను చూసి ఆయన, "రత్నకుమారి టీచర్ గారూ" అన్నారు, పెళ్ళిచూపులనాడు పిలిచినట్టు. పండగ పూట ఆ పాడు డబ్బా మాట ఎవరెత్తుతారు?

జనవరి 4, ఆదివారం

కొత్త సంవత్సరంలో మొదటి ఆదివారం. సాక్ష్యాలు చెప్పేవాళ్ళు ముందుకు రావచ్చని పాస్టరు గారు అనగానే మగవాళ్ళ వైపు నుంచి ఆయన లేచారు. నాతో ఒక్క మాట అనలేదు. నేరుగా మైకు దగ్గరికి వెళ్ళారు.

"సంఘానికి వందనాలు. దారులన్నీ నాకు తెలుసునని చాలా గర్వం ఉండేదండీ నాకు. డిపోలో అందరూ నన్నే అడిగేవాళ్ళు. ఆ గర్వాన్ని దేవుడు బురదలో కూర్చోబెట్టాడు. మా నాన్నగారికొచ్చిన మరపు నాకూ మొదలైంది. దాచుకోవడం లేదు. నా భార్య ప్రార్థన వల్ల ప్రాణంతో వచ్చాను. ఇక పడవ ఎక్కనని దేవుడి ముందు ఒప్పుకుంటున్నాను. ఖాదర్ గారికి ఇచ్చేస్తున్నాను. నా కోసం ప్రార్థన చెయ్యండి."

స్తోత్రం అన్నారందరూ. నా పక్కన కృపమ్మ గారు నా చెయ్యి పట్టుకుని ఏడ్చారు. నేనూ ఏడ్చాను. నా ఏడుపు చూసి పాస్టరమ్మ గారు వీపు నిమిరారు. అప్పుడే లేచి చెప్పాల్సింది. చెంగుతో కళ్ళు తుడుచుకుని కూర్చున్నాను.

నేను అనుకున్నది పడవ మానాలని. సంఘం ముందు సాక్ష్యం చెబుతారని నాకేం తెలుసు? సాక్ష్యం అంటే మా వాళ్ళకి రాతి మీద చెక్కినట్టే. ఇప్పుడు నేను నోరు తెరిస్తే ఆయన దేవుడి ముందు చెప్పింది తప్పవుతుంది. అందుకే చెప్పడం లేదు. ఆయన పరువు కోసమే.

(పై మాట నేనే రాశాను. చదువుకుంటే నాకే సిగ్గుగా ఉంది. కొట్టేయను.)

జనవరి 9, శుక్రవారం

స్కూటరు తాళం చెవి నా పర్సులో వేశారు. "ఎందుకొచ్చిన గొడవ, నేనిక నడపను, నువ్వు ఆటోలో వెళ్ళిరా" అన్నారు. బీపీ మాత్ర వేసుకుని, వేసుకున్నానా అని అడిగారు. గేటు గడియ పెట్టి, పెట్టానా అని అడిగారు. వేసుకున్నారు, పెట్టారు. ఆయన ఏదీ మర్చిపోవడం లేదు. అన్నీ అడుగుతున్నారు.

జనవరి 13, మంగళవారం

కలలో చుక్క మా ఇంట్లోకి వచ్చింది. హాల్లో, వంటింట్లో, పడకగదిలో మెల్లగా తిరుగుతోంది. ఎక్కడా ఆగదు. నేను దాని వెనకే చీపురుతో.

జనవరి 20, మంగళవారం

చొక్కా ఉతకడానికి తీస్తే జేబులో చీటీ ఉంది. ఆయన చేతిరాతే, డిపోలో బోర్డులు రాసే ఆ గుండ్రటి అక్షరాలు. 'నా పేరు సాల్మన్ రాజు. దారి తప్పి కనిపిస్తే ఈ నంబరుకి ఫోను చేయగలరు. నా భార్య రత్నకుమారి వస్తుంది.' కింద నా నంబరు.

సబ్బు నీళ్ళ పక్కన పీట మీద కూర్చుండిపోయాను. నేనేం చేశానో ఆ చీటీలో ఉంది. ఉప్పెన నా వాళ్ళని ఒక్క పూటలో తీసుకుపోయింది. నేను ఆయన్ని రోజుకింత చొప్పున తీసుకుపోతున్నాను. నీళ్ళకి తెలియదు. నాకు తెలుసు.

జనవరి 21, బుధవారం

చెప్పేశాను. టిఫిన్ దగ్గర, ఉప్మా గరిట చేతిలో ఉండగానే. తప్పు డబ్బాదండీ, మీ బుర్రకేం కాలేదు, ఫైసల్ పరీక్ష చేసి చూశాడు, గుసగుస, మైకు, అన్నీ చెప్పాను. ఎప్పుడు చెప్పాడో మాత్రం చెప్పలేదు.

ఆయన అంతా విన్నారు. చెయ్యి కడుక్కొచ్చి నా తల నిమిరారు.

"నా కోసం అబద్ధాలు నేర్చుకుంటన్నావా? వద్దు రత్నా. మా అమ్మ కూడా నాన్నకి ఇలాగే చెప్పేది. దారి మారిందండీ, రోడ్డేశారు, అందుకే గుర్తుపట్టలేదు అనేది. నాకేం భయం లేదులే."

ఫైసల్‌కి ఫోను చేయమన్నాను. "ఆ కుర్రాడికి కూడా నేర్పావా?" అని నవ్వారు. అంత మెత్తటి నవ్వు. తిట్టినా బాగుండేది.

జనవరి 24, శనివారం

పడవ ఎక్కాను.

రానంటే రానన్నారు. ఒట్టు పెట్టుకున్నానన్నారు. "మీరు ఎక్కనన్నది మీకోసం. ఈ రోజు నన్ను ఎక్కిస్తున్నారు. దేవుడికి ఆ తేడా తెలుసు" అని లాక్కెళ్ళాను. నాగాయలంక రేవులో పలక మీద అడుగు పెట్టగానే అది ఊగింది. ఆయన భుజం పట్టుకుని, కళ్ళు మూసుకుని పడవలోకి దిగాను. కళ్ళు తెరిచేసరికి నాలుగు వైపులా నీళ్ళు. ఇన్నేళ్ళ తర్వాత.

డబ్బా పెట్టి ఉండగానే బయల్దేరాం. ఏటి మధ్యకి వచ్చేసరికి తెర మీద బాణం మెల్లగా ఒడ్డు వైపు జారింది, గట్టెక్కింది. ఆయన ముఖం వాడిపోయింది. నేను వైరు పీకాను. కాసేపు ఏమీ లేదు. తర్వాత బాణం పొలంలోంచి లేచి, ఏటి మధ్యలో, మా కిందికి వచ్చి నిలబడింది. మళ్ళీ పెట్టాను, పోయింది. మళ్ళీ తీశాను, వచ్చింది. అప్పుడు ఆయన నా చేతిలోంచి వైరు తీసుకున్నారు. ఎన్నిసార్లు పెట్టి తీశారో.

తర్వాత తెర మీద తువ్వాలు కప్పేసి పడవ మడలోకి తిప్పారు. ఇది మొండి పాయ, ఇది కొంగల పాయ, ఇందులో పాటుకి వెళ్తే ఇరుక్కుంటాం, అదిగో ఆ వంగిన చెట్టు దగ్గర తిరగాలి అని చెబుతూ వెళ్ళారు. ఆకుల మధ్య నుంచి ఎండ నీళ్ళ మీద పడుతోంది. పడవ ఎక్కడా తగల్లేదు. ఆయన గొంతు తిరిగొచ్చింది. డిపోలో మైకులో వినిపించే గొంతు. నేను భయపడడం మర్చిపోయాను. ఇక్కడికా ఈయన వచ్చేది, దీన్నా నేను ఆపింది అనిపించింది.

మోటారు ఆపారు.

"ఫైసల్ నీకు ఎప్పుడు చెప్పాడు?"

మొన్న అనొచ్చు. నమ్మేవారు.

"క్రిస్మస్ ముందు" అన్నాను.

"నేను గుడిలో నిలబడి చెప్పేటప్పటికి?"

"తెలుసు."

"జేబులో చీటీ పెట్టుకునేటప్పటికి?"

"తెలుసండీ."

నీళ్ళు వెనక్కి తీయడం మొదలైంది. మడ చెట్ల వేళ్ళు ఒక్కొక్కటే బయటపడుతున్నాయి. ఆయన వాటినే చూస్తున్నారు.

"నీళ్ళు మిమ్మల్ని తీసుకుపోతాయని..." అన్నాను.

"నీళ్ళు తీసుకుపోలేదు నన్ను" అన్నారు. తెర మీద తువ్వాలు సర్ది, "ఈ నెలంతా నాకు నేనంటేనే భయమేసింది రత్నా. అది నువ్వు చూస్తా కూర్చున్నావు" అన్నారు.

రేవులో చెయ్యి అందించారు. దిగాక వదిలేశారు. బస్సులో కిటికీ పక్కన నన్ను కూర్చోమన్నారు.

జనవరి 25, ఆదివారం

సాక్ష్యాలు ఉన్నాయా అని పాస్టరు గారు అడిగారు. నిన్ననే అనుకున్నాను, అందరి ముందూ చెప్పేస్తానని. లేవబోయాను. ఆయన మగవాళ్ళ వైపు నుంచి నన్నే చూస్తున్నారు. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపారు. కూర్చున్నాను.

బయటికొచ్చాక, చెట్టు కింద చెప్పులు వేసుకుంటూ, "మనింటి సంగతి మనింట్లోనే ఉండనీ" అన్నారు.

"మరి మీరు ఒప్పుకున్నది?"

"దేవుడితో ఒప్పుకున్నాను, ఆయనతో నేను మాట్లాడుకుంటాను. నీతో మాట్లాడటానికే కొంచెం టైం పట్టుద్ది."

ఇంటికి ఆటోలో వెళ్దామన్నాను. తాళం చెవి ఇమ్మన్నారు. గుడి దగ్గర స్కూటరు లేదు, ఇంట్లో ఉంది. అయినా ఇచ్చాను. నడిచి వచ్చాం. ఆయన ముందు, నేను వెనక.

జనవరి 27, మంగళవారం

ఫోను చేసి ఫైసల్‌ని తిట్టలేదు, నన్నూ తిట్టలేదు. బీపీ మాత్ర ఆయనే వేసుకున్నారు. వేసుకున్నానా అని అడగలేదు. గేటు గడియ శబ్దం విన్నాను.

రాత్రి వేడినీళ్ళు పెట్టి ఇస్తే తీసుకున్నారు. "థాంక్స్" అన్నారు. పెళ్ళయ్యాక నాతో ఎప్పుడూ థాంక్స్ అనలేదు. ఆ మాట ఎంత దూరం నుంచి వచ్చిందో నాకు అర్థమైంది.

జనవరి 28, బుధవారం

పొద్దున్నే లేచి ఫ్లాస్కులో టీ ఆయనే పోసుకున్నారు. నాతో చెప్పకుండా వెళ్తారేమోనని వంటింట్లోనే నిలబడ్డాను. గుమ్మం దగ్గర ఆగి, "వెళ్ళొస్తాను" అన్నారు. ఎక్కడికని నేను అడగలేదు, ఎప్పటికి వస్తారని అడగలేదు. చొక్కా జేబు ఖాళీగా ఉంది.

డబ్బా నిన్ననే విప్పించేశారట. ఫోను తీస్తే పటం వచ్చింది. ఏరు, మడ, పొలాలు, కూచిపూడి, బందరు, మా వీధి అన్నీ ఉన్నాయి. చుక్క లేదు. కాసేపు వెతికాను, అలవాటు కొద్దీ. తర్వాత ఫోను బల్ల మీద బోర్లా పెట్టి, బియ్యం కడిగి ఎసట్లో పోశాను. ఇద్దరికీ.

భయంగా ఉంది. భయం లేదని రాస్తే అబద్ధం. ప్రతి బస్సు హారనుకీ తల ఎత్తుతున్నాను. కానీ ఈ భయం నాది. నేనే పడాలి, ఇంకొకరి జేబులో పెట్టకూడదు.

మధ్యాహ్నమైంది. ఆయన ఎక్కడున్నారో నాకు తెలియదు. ఆయనకు తెలుసు.